మాతియూ పేరులో చివరి వంపు

గిస్‌బోర్న్ రేవు వెనక సమాధి రాళ్లు చెక్కే షెడ్డు ఒకటుంది. పొద్దుగూకాక అటు వెళ్లేవాళ్లు నడక పెంచుతారు. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తుందని... అదీ ముసలి మగగొంతని.

అక్కడ పేర్లు చెక్కే యంత్రం నడిపే నైరీ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. తిట్లు మాత్రం వదిలేశాను.

ఆ చలికాలం మాతియూ అనే పెద్దాయన రాయి పని పడింది. పోయి ఏడాదైంది. తెల్లారితే, వాళ్ల ఆనవాయితీ ప్రకారం, బంధువులంతా చేరి సమాధి రాతి మీది ముసుగు తీయాలి. అప్పటికే రెండు రాళ్లు పాడయ్యాయి— రెండూ పేరులో చివరి అక్షరం దగ్గరే. ఆ ఇంగ్లీషు 'U' అడుగు వంపుకి రాగానే యంత్రం ఊఁ... ఊఁ... అని ఏడ్చి, మొన పక్కకి జారేది. రాయి తగలకుండా గాల్లో నడిపినా అదే ఏడుపు.

ఇక మిగిలింది ఒక్క రాయి.

"ఇంకా మెల్లగా నడుపు. పెద్దాయనకి కోపమొచ్చింది," అన్నాడు యజమాని కోలిన్, గుమ్మం దాటకుండా.

"లోపలికొచ్చి చెప్పు."

"ఇక్కణ్ణుంచి బాగానే వినిపిస్తోందిలే!"

అతని పక్కనే మాతియూ కూతురు మెరెపేకా, టీ కప్పు పట్టుకుని. వారం నుంచీ సాయంత్రమయ్యేసరికి వచ్చి కూర్చుంటోంది. పని తెమల్లేదని దెప్పడానికేనని నైరీకి లోపల ఒకటే మంట.

ఏడుపు విన్నప్పుడల్లా కోలిన్ గుమ్మంలోంచే చెప్పి, మోటారు వేగం పుంజుకునే జోరు తగ్గింపించాడు. తగ్గించినకొద్దీ ఏడుపు పెరిగింది...

అప్పుడు తట్టింది నైరీకి. మెట్టు మెట్టుగా తిరిగే మోటారు అది. మెట్టుకో చిన్న అదురు. ఒకానొక వేగంలో ఆ అదుర్లన్నీ కలిసి మోటారు అరుస్తుంది, మెట్టు తప్పుతుంది. వంపు అడుగున అది నెమ్మదించి, ఆగి, వెనక్కి తిరగాలి— ఆ పాడు వేగం దాటక తప్పదు. భయపడి మెల్లగా వెళ్తే, సరిగ్గా అందులోనే తచ్చాడుతుంది!

"దెయ్యం కాదు కోలిన్, నీ భయభక్తులు!"

కంట్రోలర్‌లో అంకెలు మార్చి, పాడైన రాయి వెనకవైపు చెక్కి చూసింది. జోరు మరీ పెంచితే మోటారు మొరాయించింది. కాస్త తగ్గించింది. కుదిరింది.

ఆఖరి రాయి ఎక్కించింది. ఒక్కో అక్షరమే దిగుతోంది... చివరి వంపు... మొన గుండ్రంగా తిరిగి పైకొచ్చేసింది.

ఏడుపు లేదు.

"అయిపోయింది ఆంటీ! చూడండి."

మెరెపేకా అక్షరాలు తడిమింది. "బాగుంది తల్లీ." తర్వాత గుసగుసగా— "నాన్న ఎందుకు ఆగిపోయాడు?"

"అది మోటారు ఆంటీ..."

"తెలుసులే. పాట పాడుతుంటే నాన్న గొంతు అచ్చం అలాగే జీరబోయేది. అది వినడానికే రోజూ వచ్చేదాన్ని. ఒక్కసారి... మెల్లగా నడపవూ?"

నైరీ మొన రాతి మీంచి ఎత్తేసి, కోలిన్ పెట్టించిన పాత అంకెలే మళ్లీ పెట్టింది. అదే వంపు. అదే మెల్లదనం.

మోటారు తిరిగింది.

ఏడుపు మాత్రం లేదు.

ఇంకా తగ్గించింది. అంకెలు సరిచూసింది. బల్ల మీద గుద్దింది. మళ్లీ నడిపింది...

"పోనీలే," అంటూ మెరెపేకా రాతి మీద ముసుగు కప్పింది. "పేరు పూర్తయింది కదా. వెళ్లిపోయుంటాడు."

ఇప్పటికీ నైరీ పాత అంకెలతో నడిపి చూస్తూనే ఉంది. చెవి మోటారుకి ఆనించి, పళ్లు కొరుక్కుంటూ— "ఏడవాలే! లెక్క ప్రకారం ఇది ఏడిచి తీరాలి!"