ఉతికితే తేలిన నీడ

శవం మిద్దె మీద ఉంది.

పక్కకు తిరిగి, మోకాళ్లు కొంచెం ముడుచుకుని, నిద్రపోతున్నట్టు ఉంది. కింద పసుపు రంగు గుడ్డ పరిచి ఉంది. ఆ గుడ్డ మీదే, చేతికి అందనంత దూరంలో ఒక ఇత్తడి చెంబు. చెంబు నిండా నీళ్లు.

మే నెల. సాయంత్రం నాలుగు దాటినా, పుంగనూరు ఊరవతల ఆ మిద్దె పెనంలా కాలుతోంది. సీఐ ఇంద్రాణి మెట్లెక్కి వచ్చేసరికి బూట్లలోంచి అరికాళ్లకు వేడి తగిలింది.

చనిపోయింది రమ్యశ్రీ. ఇరవై ఏడేళ్లు. ఫోటోగ్రాఫర్. ఎండిపోయిన బోరు పక్కనున్న ఈ రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకుని పని చేసుకునేది.

"మొదట చూసిందెవరు?"

గొర్రెల కాపరి తిప్పేస్వామి ముందుకొచ్చాడు.

"నేనేమ్మా. కాకులు ఒకటే అరస్తా ఉండాయి. ఏందబ్బా అని పైకెక్కినా. పడుకోనుండాది. 'అమ్మా, అమ్మా' అని పిలిస్తి. లేయలా."

"ముట్టుకున్నావా?"

"మొగం సూసినాక యాడ ముట్టుకునేదమ్మా!"

"ఎవరైనా వచ్చిపోయారా?"

"మద్దేనం గొర్రెలు గుట్ట అవతల ఉండె. బండి సద్దు ఇనపడింది. మనిషిని సూడ్లేదు."

ఇంద్రాణి వంగి చూసింది. ముఖం కమిలి బొబ్బలెక్కింది. పెదాలు పగిలి నెత్తురు ఎండిపోయింది. ఒంటి మీద దెబ్బ లేదు. కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి.

హెడ్ కానిస్టేబుల్ బైరప్ప కింది గదిలోంచి ఒక సీసా పట్టుకుని పరుగున వచ్చాడు.

"మేడమ్, సైనైడ్!"

లేబుల్ మీద పొటాషియం ఫెర్రిసైనైడ్ అని ఉంది.

* * *

చీకటి పడేలోపే రమ్యశ్రీ భర్త చరణ్ స్టేషన్లో ఉన్నాడు. కుప్పంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పని చేస్తాడు. ఈమధ్య భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. సీసా కొన్నది అతనే.

అతన్ని లోపలికి తీసుకొస్తుంటే వరండాలో కూర్చున్న రమ్యశ్రీ తల్లి మునిలక్ష్మమ్మ లేచింది. ఎవరూ ఆపకముందే చెంప మీద కొట్టింది. రెండో చెంప కూడా వాయించింది.

"నా బిడ్డను మింగినావు గదరా!"

చరణ్ చేయి అడ్డం పెట్టుకోలేదు.

"పెళ్లానికి సైనైడ్ కొనిస్తావా?" ఇంద్రాణి అడిగింది.

"అది ఆ సైనైడ్ కాదు మేడమ్. పేరు అట్లుండాది, అంతే. ఎండకు బొమ్మలు తేల్చే మందు. ఆమె పని అదే."

"గొడవెందుకు?"

"కొరియాలో ఎగ్జిబిషన్‌కు ఆమెను పిలిచినారు. పోవద్దంటి."

"ఎందుకు?"

"తిరిగొచ్చేటప్పటికి నేను ఆమె కంటికి ఆనుతానా అని భయం." చరణ్ చెంప తడుముకున్నాడు. "అది తప్పే. కానీ నేను యాల చంపుతాను మేడమ్?"

"ఈ మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"రూములో. ఒక్కణ్ణే."

సాక్షి లేడు. బైరప్ప సంతృప్తిగా లాకప్ తాళం వేశాడు. మర్నాటికి పుంగనూరంతా చరణ్‌ను దోషిని చేసేసింది.

పోస్ట్‌మార్టం రిపోర్ట్ మాత్రం అతన్ని దోషిని చేయలేదు.

"సైనైడ్ లేదు," అన్నాడు డాక్టర్. "మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి తాగించారు. అవి చంపేంత కాదు. చంపింది ఎండ. వడదెబ్బ. రెండు మూడు గంటలు పట్టి ఉంటుంది."

"మెలకువ వచ్చి ఉంటుందా?"

డాక్టర్ రిపోర్ట్ మడిచి ఇచ్చాడు.

"చివర్లో వచ్చి ఉంటుంది. లేవగలిగేంత కాదు."

* * *

రమ్యశ్రీకి ఫోటోలు తీయడం నేర్పిన శివకుమార్ స్టూడియో మదనపల్లెలో ఉంది. యాభై దాటిన మనిషి. మాట మెత్తన. అతను లెన్సు వాడడు. పాలపొడి డబ్బాకు సూదిమొనంత బెజ్జం పెట్టి, లోపల ఫోటో కాగితం అంటించి, డబ్బాను స్టాండుకు బిగించి గంటలకు గంటలు వదిలేస్తాడు.

గోడకు మదనపల్లె టమోటా మార్కెట్ పటం ఉంది. క్రేట్లున్నాయి, లారీలున్నాయి. మనుషులు లేరు.

"బందు రోజు తీశారా?" ఇంద్రాణి అడిగింది.

"సీజన్లో తీసినా మేడమ్. వెయ్యిమంది ఉండారు ఆడ. కదిలే మనిషి నా డబ్బాలో పడడు. రాయి పడతాది. గోడ పడతాది." నవ్వాడు. "మనుషులు ఒకచోట ఉండరు గదా."

"రమ్యశ్రీతో చివరగా ఎప్పుడు మాట్లాడారు?"

"నెల దాటింది."

"ఆమెను కొరియాకు పిలిచారు. మిమ్మల్ని పిలవలేదు."

"శిష్యురాలు ఎదిగితే గురువుకు సంతోషమే."

"ఆ రోజు మధ్యాహ్నం?"

"కుప్పంలో. ఎగ్జిబిషన్‌కు పటాలు తగిలిస్తా ఉంటిని. ఫోన్ సూసుకోండి."

టవర్ రికార్డ్ చూశారు. ఫోన్ ఉదయం నుంచి సాయంత్రం దాకా కుప్పంలోనే ఉంది. ఉలకలేదు, పలకలేదు. వచ్చిన ఫోన్లలో ఒక్కటీ ఎత్తలేదు.

"ఆదివారం దాకా ఉంటాది మేడమ్, ఎగ్జిబిషన్. రండి," అని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

* * *

మునిలక్ష్మమ్మ ఇంట్లో గోడ పొడవునా ఒక నీలం గుడ్డ వేలాడుతోంది. ముదురు నీలంలో తెల్లగా ఒక ఆడమనిషి ఆకారం. పడుకున్న తీరు, జారిన కొంగు, విప్పారిన వేళ్లు, అన్నీ ఉన్నాయి.

"నేనే అమ్మా అది," అంది మునిలక్ష్మమ్మ. "మందు పూసిన గుడ్డ మీద పడుకోబెట్టింది. ఎండ తగిలిన కాడ నీలం. ఒళ్లు ఆనిన కాడ తెలుపు. కెమెరా లేకనే."

"మిద్దె మీద దొరికిన గుడ్డ పసుపు రంగుది. అది దేనికమ్మా?"

"అదీ అట్లాంటిదే. మందు తొందరగా మాడిపోతాండాదని నా బిడ్డకు యాతన. పసుపు కలిపితే నిదానిస్తాదని కనుక్కొనింది. మనిషి పడుకున్నెంతసేపూ గుడ్డ సూస్తానే ఉంటాదమ్మా అనింది. కొరియాకు పొయ్యేదాకా ఎవురికీ సెప్పొద్దనింది. మొగునికీ సెప్పలా, గురువుకీ సెప్పలా."

"బొమ్మ ఎప్పుడు కనపడుతుంది?"

"ఉతికినాక."

ఇంద్రాణి చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

సీజ్ చేసినప్పుడు గుడ్డను మడిచి నల్ల కవర్లో వేశారు. వెలుతురు తగలకపోవడం అదృష్టం. కోర్టు అనుమతి తీసుకున్నారు. తిరుపతి నుంచి ఫోరెన్సిక్ ఎక్స్‌పర్ట్ వచ్చాడు. సాక్షుల ఎదుట, వీడియో తీస్తూ, గుడ్డను నీళ్ల తొట్టిలో ముంచారు.

పసుపు కరిగి నీళ్లలోకి దిగింది. నీలం పైకి తేలింది.

ముందుగా రమ్యశ్రీ కనిపించింది. వీపు వంపు, మోకాళ్లు, జడ. తర్వాత ఎడమ చేయి. దాని వేళ్లు మాత్రం స్థిరంగా లేవు. తెల్లటి చారలుగా ముందుకు సాగి ఉన్నాయి.

వేళ్లకు ఎదురుగా రెండు గుండ్రటి మచ్చలు తేలాయి. ఒకటి దగ్గర, ఒకటి దూరం. రెండూ పూర్తి తెలుపు కావు, పూర్తి నీలమూ కావు.

గుడ్డ అంచు దగ్గర ఇంకో మూడు మచ్చలున్నాయి. రెండు చిన్నవి, గుండ్రం. మూడోది పలకగా, పెద్దది.

బైరప్ప తొట్టి మీదికి వంగాడు.

"చరణ్‌ను వదిలేయండి," అంది ఇంద్రాణి. "ఆయన్నూ, ఆ తల్లినీ కుప్పం తీసుకురండి."

* * *

ఆదివారం. కుప్పంలో ఎగ్జిబిషన్ హాలు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల ఏసీ.

గోడల మీద ఖాళీ వీధులు, ఖాళీ బస్టాండు, ఖాళీ సంత. ఎక్కడా మనిషి పొడ లేదు. చివరి గోడకు ఒకే ఒక్క పటం. ఒక ఆడమనిషి వీపు తిప్పి పడుకుని ఉంది. ముఖం కనపడదు. కింద 'నిద్ర' అని రాసి ఉంది. దాని ముందే జనం గుమిగూడారు.

బైరప్ప జనాన్ని బయటికి పంపాడు. శివకుమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మునిలక్ష్మమ్మ, చరణ్ తలుపు దగ్గర ఆగారు. ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

"కదిలే మనిషి మీ డబ్బాలో పడడన్నారు," అంది ఇంద్రాణి. "ఈమె ఎలా పడింది?"

"మోడల్. ఓపికగా పడుకునింది. పోయినేడు తీసినా."

"ఎంతసేపు?"

"మూడు గంటలు."

"ఎండలో, మూడు గంటలు, చర్మం కూడా అదరకుండా?"

శివకుమార్ కట్టుకున్న చేతులు విప్పాడు.

ఇంద్రాణి నీలం గుడ్డను నేల మీద పరిపించింది. మునిలక్ష్మమ్మ అరవలేదు. గోడకు చేయి ఆనించుకుంది.

"దీన్ని మీరు మామూలు పసుపు గుడ్డ అనుకున్నారు. మందు పూసిన గుడ్డ అని తెలిసుంటే వదిలి వెళ్లేవాళ్లు కాదు. ఈ మూడు మచ్చలు చూడండి. స్టాండు కాళ్లు. బైరప్పా, ఆయన స్టాండు తే."

మూలనున్న చెక్క స్టాండును బైరప్ప తెచ్చి నిలబెట్టాడు. రెండు కాళ్ల అడుగున గుండ్రటి ఇనుప పొన్నులు. విరిగిన మూడో కాలికి పలక చెక్క కట్టి ఉంది. మూడు కాళ్లూ మూడు మచ్చల్లో సరిగ్గా దిగాయి.

"ఫోన్ ఇక్కడ పడేసి బండి మీద వచ్చారు. గురువు గారు మజ్జిగ ఇస్తే ఆ పిల్ల తాగింది. తను పరిచిన గుడ్డ మీదే మత్తులోకి జారింది. స్టాండు పెట్టారు. అందం కోసం ఈ చెంబు కూడా పెట్టారు." దగ్గరున్న గుండ్రటి మచ్చ చూపించింది. "ఇదిగో, మొదట కొంతసేపు ఇక్కడ. తర్వాత ఆమెకు తెలివొచ్చింది. చెంబు కోసం చేయి చాపింది. వేళ్ల చారలు చూడండి. అప్పుడు చెంబు ఇక్కడికి పోయింది." వేలు దూరపు మచ్చ మీదికి జరిగింది. "చెంబుకు కాళ్లు లేవు శివకుమార్. ఎవరు జరిపారు?"

ఇంద్రాణి చివరి గోడ వైపు చేయి చూపింది.

"మీ పటంలోనూ ఉంది. చూసుకోండి."

అందరూ 'నిద్ర' వైపు తిరిగారు. రమ్యశ్రీ వీపు రాతిలా స్పష్టంగా ఉంది. ఎడమ చేయి ఒక్కటే పొగలా చెదిరింది. దాని ముందు చెంబులు రెండు. ఒకటి నీడలాగా, ఒకటి గట్టిగా. గుడ్డ మీద ఎంత ఎడముందో పటంలోనూ అంతే ఎడం.

శివకుమార్ గుడ్డ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాడు బైరప్ప. అతను వేళ్ల చారల్ని దగ్గరగా పరీక్షిస్తున్నాడు.

"పసుపా కలిపింది?" అన్నాడు నెమ్మదిగా. "నాకు తట్టలేదు. ఇది నా పటం కంటే బాగుండాది."

చరణ్ మీదికి ఉరికాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకున్నారు.

"ఎందుకు?" ఇంద్రాణి గొంతు కరుకుగా పలికింది.

"ముప్పై ఏండ్లు రాళ్లూ గోడలూ తీసినా మేడమ్. ఒక్క మనిషి పడలా. అడిగితి దాన్ని, కదలకుండా పడుకో అని. నవ్వింది. 'కదిలితేనే మనిషి సార్' అనింది. కొరియావాళ్లకు అదే నచ్చింది." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "చెంబు తీసుకునుంటే లేచి కూర్చునేది. పటమంతా పాడైపోతాండె."

"చనిపోతుందని తెలుసు కదా."

"తెలుసు. గొడుగేసుకోని ఆడే కూర్చోనుంటిని."

చేతులకు బేడీలు పడ్డాయి. జీపు దగ్గరికి తీసుకెళ్తుంటే మునిలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. బైరప్ప తప్పించబోతే ఇంద్రాణి వద్దని సైగ చేసింది.

"అప్పా," అంది ఆ తల్లి. "బిడ్డ నీళ్లడిగిందా?"

శివకుమార్ కాసేపు ఆలోచించాడు, పనికి సంబంధించిన వివరమేదో గుర్తు చేసుకుంటున్నట్టు.

"అడిగింది," అన్నాడు. "గొంతు పెద్దగా రాలేదు. నిన్ను కూడా పిలిచింది."

జీపు తలుపు ఇంద్రాణే వేసింది. గట్టిగా వేసింది.

మునిలక్ష్మమ్మ, చరణ్ పుంగనూరుకు బస్సులో బయల్దేరారు. ఒకే సీటు. వి.కోట వచ్చింది. బస్సు ఆగినప్పుడు చరణ్ దిగి వాటర్ బాటిల్ కొని, మూత తీసి ఆమెకు అందించాడు.

"తాగు అత్తా. పొద్దున్నుంచి ఏమీ తాగలా."

ఆమె తీసుకుంది. ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతున్నా పక్కకు జరగలేదు. పుంగనూరులో దిగేటప్పటికీ బాటిల్ నిండుగానే ఉంది.