అరవై రెండు కిలోల కుక్క

సోమవారం సాయంత్రం 4:40. పశువుల ఆసుపత్రి ఆపరేషన్ గది. కుక్కల్ని పడుకోబెట్టే స్టీలు బల్ల మీద డాక్టరుగారి శవం వెల్లకిలా ఉంది.

పక్కన సిరంజి. దాని మీద ఆయన వేలిముద్రలే. ఎడమ చేతి మీద ఏడు సూది పోట్లు.

"ఆత్మహత్యే సార్," అన్నాడు కానిస్టేబుల్.

గుమ్మంలో నిలబడ్డ డాక్టరుగారి కూతురు ఆ మాట విన్నది. "పొద్దున నోరు జారాను సార్. కుక్కల మీదున్న ధ్యాస మా మీద లేదన్నాను. అందుకేనా?"

ఇన్‌స్పెక్టర్ ముసలి కాంపౌండర్ వైపు తిరిగాడు.

"ఆయన్ని చివరిగా ఎప్పుడు చూశావు?"

"మూడింటికి. ఊరవతల షాపు నుంచి దూది తెమ్మన్నారు."

"ఇక్కడ లేదా?"

"బీరువా నిండా ఉంది సార్. అదే అంటే, తెమ్మన్నది తేరా, నీతో ఇదే గొడవ అన్నారు."

"ఏం పని మీద ఉన్నారు?"

"కొత్త మత్తుమందు. నూట నలభై కుక్కలకిచ్చి మోతాదు తేల్చారు. వచ్చే వారం పెద్దాసుపత్రిలో పిల్లల ఆపరేషన్లకి వాడతారట. ఆ మాట తెలిసినప్పట్నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు."

"ఎందుకు?"

"కదలకపోవడం వేరు, నొప్పి తెలియకపోవడం వేరు, ఇవి నోరు విప్పి చెప్పవురా అనేవారు."

ఇన్‌స్పెక్టర్ బల్ల అంచునున్న చార్టు అందుకున్నాడు. రోగి: ముసలి కుక్క. బరువు: 62 కిలోలు.

"ఇవాళ కుక్కలొచ్చాయా?"

"ఒక్కటీ రాలేదు."

ఇన్‌స్పెక్టర్ చదివాడు. "3:10. నోరు చేదు. 3:15. సూది గుచ్చితే నొప్పి ఉంది. 3:20. స్పృహ ఉంది, నొప్పి లేదు." చివరి అక్షరాలు వంకర్లు పోయాయి.

"నోరు చేదని ఏ కుక్క చెబుతుందమ్మా? పిల్లలకివ్వబోయే మందు ముందు తనే ఎక్కించుకున్నారు. ఇదిగో, అడుగున ముందే రాసిపెట్టుకున్నారు. 4:15. లేచాక అమ్మాయికి ఫోన్. చావాలనుకున్న మనిషి లేచే టైము రాసుకోడు."

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "మరి లేవలేదేం?"

కాంపౌండర్ గోడవారన కింద కూర్చున్నాడు.

"మత్తులో నాలుక గొంతుకి అడ్డం పడుతుందమ్మా. ప్రతి కుక్కకీ బయటికి లాగి పట్టుకునేది నేనే. ఇరవై ఏళ్లుగా ఆయన చూపంతా మందు మీదే. అలాంటి పని ఒకటుందనే ఆయనకి గుర్తు రాలేదు. నేనుంటే వద్దంటానని పంపేశారు."

అతను చార్టు వైపు చెయ్యి చూపాడు.

"ఆ చార్టు పెద్దాసుపత్రికి పంపేటప్పుడు కింద ఒక ముక్క రాయండమ్మా. పక్కన మనిషి ఉండాలని."

అతని ఒళ్లో దూది పొట్లం కట్టు విప్పకుండానే ఉంది.