స్టాండ్‌బై పెళ్ళికొడుకు

మణికుమార్ విమానం గణేశ్వరరావు ఇంటి మీద మొదటి నీళ్ళ ట్యాంకులో పడింది.

మొదటి ట్యాంకు అనడం ఎందుకంటే ఆ ఇంటి మీద ట్యాంకులు రెండు. ఆ దీవికి సునామీ వచ్చిన తర్వాత గణేశ్వరరావు ఇంట్లో ప్రతిదీ రెండయింది. గుమ్మం పక్కన బట్టలూ కాగితాలూ సర్దిన సంచులు రెండు. చొక్కా జేబులో మొబైల్ ఫోన్లు రెండు. ఫీనిక్స్ బే జెట్టీలో బోటు టికెట్టు కొనడానికి వెళ్తే, భార్య దేముడమ్మను ఒక క్యూలో నిలబెట్టి, తను రెండో క్యూలో నిలబడేవాడు. ఆ రెండో కౌంటర్లో టికెట్లు ఇచ్చేది మణికుమారే. అందుకే విమానం వెతుక్కుంటూ వచ్చిన మణికుమార్, నిచ్చెన కింద నిలబడ్డ గణేశ్వరరావును చూడగానే గుర్తుపట్టాడు.

నిచ్చెన పైనున్న అమ్మాయిని మాత్రం అదే చూడటం. ఆమె విమానాన్ని తోక పట్టుకుని బయటికి తీసింది. నీళ్ళు ఓడుతున్నాయి.

"ఇది మీదేనా భయ్యా?"

"నాదే. భయ్యా అనకండి."

"మరేమనాలి? పైలట్ సాబ్ అనాలా?"

"ఏటి బాబూ," అన్నాడు గణేశ్వరరావు. "లంబాలైన్ పక్కన ఎయిర్‌పోర్టుంది గదా. అక్కడ దింపుకోలేకపోయావా?"

"మా ఇల్లు లంబాలైన్‌లోనే అంకుల్. అక్కడ ఎగరేస్తే పోలీసులొస్తారు. అందుకే బ్రూక్షాబాద్ గ్రౌండుకొచ్చాను."

"ఇక్కడెగరేస్తే నేనొస్తాను. తాగే నీళ్ళు పాడుచేశావు."

"రెండో ట్యాంకుంది గదా అంకుల్."

గణేశ్వరరావు కోపం సగం దిగిపోయింది. రెండో ట్యాంకు ఎందుకని వీధిలో అందరూ నవ్వారు. ఇవాళ దానికి పని పడింది.

ఆయనకు బజారులో ఎలక్ట్రికల్ షాపుంది. అందులో రిపేర్ల బల్ల కూతురు మధులతది. బోట్ల వైర్‌లెస్ సెట్లు, ఎమర్జెన్సీ లైట్లు ఆమె చేతిలోనే బాగవుతాయి. అరుగు మీద కూర్చుని విమానం పొట్ట విప్పింది.

"అరె, బ్యాటరీలు రెండున్నాయి నాన్నా!"

"రెండా?" గణేశ్వరరావు దగ్గరికొచ్చి వంగి చూశాడు. మణికుమార్‌ను కూర్చోమన్నాడు.

"ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని పెట్టాను అంకుల్."

"మరి రెండూ ఒకేసారి ఎలా పోయాయి?"

ఆ ప్రశ్న అడిగేటప్పుడు గణేశ్వరరావు గొంతు తగ్గింది. జీవితమంతా రెండు మీద నిలబెట్టుకున్న మనిషి ఆయన.

"డైరెక్టుగా కలిపేశారు," అంది మధులత. "ఇందులో ఒక సెల్లు షార్టయింది. పోయిన బ్యాటరీ ఊరికే పోలేదు, బాగున్నదాని కరెంటు కూడా తాగేసింది. బ్యాటరీకో డయోడు పెట్టాలి. కరెంటు బయటికి పోతుంది, వెనక్కి రాదు."

గణేశ్వరరావు తలెత్తి తన రెండు ట్యాంకుల మధ్యనున్న పైపు చూశాడు. సాయంత్రం ప్లంబరు గవరయ్యను పిలిపించి దానికి వాల్వు పెట్టించాడు.

మర్నాడు డ్యూటీ దిగి మణికుమార్ షాపులో మధులత దగ్గరికొచ్చాడు.

"ఫోర్ థౌజండ్ సెవెన్ డయోడ్లు రెండివ్వండి."

"అది ఒక ఆంపు డయోడు. విమానంలో రెక్కల్నీ తోకనీ తిప్పే చిన్న మోటార్లు నాలుగు. గాలి కొట్టినప్పుడు నాలుగూ ఒక్కసారి లాగితే?"

"అయితే మూడు ఆంపులది ఇవ్వండి."

"ఇస్తాను. కాని మామూలు డయోడు దాటేసరికి ముప్పావు వోల్టు దాకా పోతుంది. మీ బ్యాటరీయే ఐదు వోల్టుల్లోపు. మిగిలినదానితో రెక్క కదిలేలోపు మా రెండో ట్యాంకు కూడా పాడవుతుంది. షాట్కీ డయోడు కావాలి. అందులో పోయేది దాదాపు సగమే."

"షాట్కీ వేడెక్కితే వెనక్కి లీకవుతుంది. పుస్తకంలో చదివాను."

"మిల్లీఆంపుల్లో. ఎగరేయడం అయ్యాక ప్లగ్గు పీకెయ్యండి. అది కూడా పుస్తకంలో ఉండాలే!"

లీకు గురించి అతను చెప్పింది నిజమే. వోల్టేజి గురించి ఆమె చెప్పిందీ నిజమే. అందువల్ల వాదన తెగలేదు. షాట్కీ డయోడ్లు షాపులో లేవు, చెన్నై నుంచి షిప్పులో రావాలి. ఆ షిప్పు చెన్నైలో బయల్దేరలేదని మణికుమార్‌కు జెట్టీలో రోజూ తెలుస్తూనే ఉండేది. అయినా వచ్చాయేమోనని రోజూ షాపుకొచ్చి అడిగేవాడు. మధులత కూడా లేవని రోజూ చెప్పేది, కాని ముందు టీ తెప్పించేది. నాలుగు సెల్లుల బ్యాటరీకి బదులు ఐదు సెల్లులది పెట్టాలని ఇద్దరూ ఒప్పుకున్న రోజు టీ రెండుసార్లు వచ్చింది. భయ్యా అనడం ఎప్పుడు మానేసిందో అతను గమనించలేదు. మానేసిందని మాత్రం గమనించాడు.

షిప్పొచ్చిన రోజు మణికుమార్ ధైర్యం చేసి గణేశ్వరరావు దగ్గరికెళ్ళాడు. మధులతను పెళ్ళి చేసుకుంటానన్నాడు.

గణేశ్వరరావు ఆలోచించాడు.

"వైజాగ్‌లో మోహన్‌కృష్ణ అని కాంట్రాక్టరున్నాడు. వచ్చే వారం చూడ్డానికొస్తున్నాడు. ఆయన మెయిను. నువ్వు స్టాండ్‌బై."

"అంకుల్?"

"తప్పుగా అనుకోకు బాబూ. నా ఇంట్లో రెండోది లేనిది నా కూతురొక్కతే. దాని విషయంలో ఒక్క సంబంధం నమ్ముకుని కూర్చోలేను."

మణికుమార్ తిన్నగా రిపేర్ల బల్ల దగ్గరికొచ్చాడు.

"నన్ను స్టాండ్‌బైలో పెట్టారు!"

"విన్నాను," అంది మధులత. సోల్డరింగ్ ఐరన్ దించలేదు. "నాన్ననేమీ అనకు. సునామీకి ముందు భూకంపం వచ్చిన పొద్దున్న మా పాతింటి ముందు తలుపు బిగుసుకుపోయింది. వెనక తలుపుండబట్టి బతికాం. అప్పట్నుంచీ ఆయనకదే లెక్క."

"ఆయన్నేమీ అనను. నీ మాటేంటి?"

"నా మాట నన్నడిగావా? నాన్ననడిగావు. మీటరు పెట్టకుండా వోల్టేజి రాసేసుకున్నావు. జా భయ్యా, జా."

భయ్యా మళ్ళీ వచ్చేసింది.

ఆదివారం విమానం సిద్ధమైంది. డయోడ్లు అతికించింది మధులతే. పని పనే, కోపం కోపమే అంది. రెండు బ్యాటరీల సంగతి తన కళ్ళతో చూడాలని గణేశ్వరరావు కూడా గ్రౌండుకొచ్చాడు, దేముడమ్మతో, రెండు గొడుగులతో.

"ఒకటి పీకి చూస్తాను," అన్నాడు. పీకాడు. మణికుమార్ తన చేతిలోని కంట్రోల్ పెట్టె మీద పుల్ల కదిపాడు. తోక కదిలింది. గణేశ్వరరావు ప్లగ్గు మళ్ళీ తనే పెట్టి మూత వేశాడు.

విమానం లేచింది. గ్రౌండు చుట్టూ తిరిగింది, తలకిందులైంది, మళ్ళీ సర్దుకుంది. సముద్రం వైపు మబ్బు కనిపించగానే మణికుమార్ దించేశాడు. చక్రాల మీద దిగి, వచ్చి గణేశ్వరరావు చెప్పుల ముందు ఆగింది.

మధులత మూత తీసి చూసింది. ఒక ప్లగ్గు ఊడి వేలాడుతోంది.

"నాన్నా, నువ్వు పెట్టిందే. సగమే నొక్కావు."

"ఎప్పుడూడింది?"

"ఎవరికి తెల్సు? పైనెక్కడో."

గణేశ్వరరావు ప్లగ్గు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకటి పోయింది. పోయినట్టు కింద ఎవరికీ తెలియలేదు.

"ఊడింది మెయినా, స్టాండ్‌బైయా?"

"ఇందులో మెయినూ స్టాండ్‌బై ఉండవు నాన్నా. ఏది గట్టిగా ఉంటే అది పని చేస్తుంది. ఆ సంగతి నువ్వు ముందే చెప్పలేవు, నేనూ చెప్పలేను. కలిపి చూస్తేనే తెలుస్తుంది."

చినుకులు మొదలయ్యాయి. మణికుమార్ కంట్రోల్ పెట్టె కింద పెట్టాడు.

"మధులతా, నిన్నడగలేదు. తప్పే. ఇప్పుడడుగుతున్నాను. నన్ను చేసుకుంటావా?"

"ఇన్నాళ్ళా? షిప్పులో డయోడ్లు నీకంటే ముందొచ్చాయి." ఆమె విమానం పొట్టలోని రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి తడవకుండా చూసుకుంటోంది. "చేసుకుంటాను. ముందా మూత వెయ్యి."

"మరి రెండోవాడు?" అన్నాడు గణేశ్వరరావు.

"దీనికి రెండోది వద్దు నాన్నా."

"అదెలాగమ్మా? ఒక్కదాని మీద ఎలా ఉంటాం?"

అంతవరకూ మాట్లాడని దేముడమ్మ ముందుకొచ్చింది. కొంగు కింద నుంచి తాడు పైకి తీసి భర్తకు చూపించింది.

"ఇవెన్ని?"

"పుస్తెలా? రెండు."

"ఒకటి మా పుట్టింటిది, ఒకటి మీ ఇంటిది. పెళ్ళికొడుకు మాత్రం ఒక్కడే. నీకు తెలీక ముందే పెద్దోళ్ళు పెళ్ళిలో రెండోది పెట్టేశారయ్యా. నువ్వు ఇంకొకటి పెట్టక్కర్లేదు."

గణేశ్వరరావు వంగి వాటిని చూశాడు. ఆయన కట్టినవే. ఇన్నాళ్ళూ ఆ లెక్కన చూడలేదు.

"వైజాగ్ వాళ్ళకేం చెప్పాలే?"

"ఫోన్లు రెండున్నాయి గదా. ఏదో ఒకటి తీసి నిజం చెప్పు."

వాన పెరిగింది. గణేశ్వరరావు ఒక గొడుగు విప్పి భార్య మీద పట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి వచ్చాడు. రెండో గొడుగు మణికుమార్ చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త బాబూ," అన్నాడు. "నా దగ్గర ఇంకోటి లేదు."

ఆ మాట గొడుగు వైపు కాదు, కూతురి వైపు చూసి అని వెళ్ళిపోయాడు.