బావంచాల పూత

కాఫీలు అయ్యీ అవ్వకముందే సూర్యకాంతమ్మ పెరట్లో సన్నికల్లు ముందు కూర్చుంది. తెల్లమచ్చల మందుకని గోమూత్రంలో నానేసిన బావంచాల గింజల్ని ముద్దగా నూరుతుంటే ఆ వాసనకి పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. కడియంలో ఆమెకి పెద్ద నర్సరీ ఉంది. వైద్యురాలు కావడానికి అంతకంటే ఏం కావాలని ఆమె నమ్మకం. మొక్కలు అమ్మేవాళ్లకి తెలియని మందులు ఇంకెవరికి తెలుస్తాయని వచ్చినవాళ్లందరితోనూ అంటుండేది. ఆ లెక్కన ఇనపసామాను కొట్టువాడు ఆపరేషన్లు కూడా చెయ్యొచ్చు.

ఆమె చేతికి చిక్కిన రోగి కోడలు కీర్తిప్రియ. కిందటేడు మెడ మీద రూపాయంత తెల్లమచ్చ వచ్చింది. అది చెవి వెనక్కి పాకేసరికి చుట్టాలందరిలోనూ వైద్యులు నిద్ర లేచారు. పిఠాపురంలో ఉండే సూర్యకాంతమ్మ చెల్లెలు లోవమ్మ వీడియో కాల్‌లోనే రోగం తేల్చేసింది. చేపల పులుసు తిని పాలు తాగి ఉంటుందట. ఆ రోజుతో కీర్తిప్రియకి చేపలు, పెరుగు, నిమ్మకాయ అన్నీ బంద్. ఒకరు తులసి రసం రాయమన్నారు, ఒకరు అల్లంరసంలో ఎర్రమట్టి కలపమన్నారు. చెప్పినవాళ్లలో ఒక్కరికీ ఆ మచ్చ లేదు కాబట్టి అందరూ ధైర్యంగానే చెప్పారు. మచ్చ తగ్గలేదు గాని, మనిషి మాత్రం సగమైపోయింది.

రాజమండ్రిలో చర్మం డాక్టరుకి చూపించుకుంటానని కీర్తిప్రియ భర్తని అడగకపోలేదు. ఆ మహానుభావుడి పేరు గణేష్‌బాబు. పూణే వెళ్లే లారీలోకి మొక్కలు ఎక్కించేటప్పుడు ఒక్క కొమ్మ విరిగినా లోకం తలకిందులయ్యేలా అరుస్తాడు. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక ఉండదు. అమ్మ చెప్పింది చెయ్యి, ఆవిడకి తెలుసు అని ఫోన్ చూసుకుంటూ అన్నాడు.

బావంచాలు మొదలుపెట్టాక కీర్తిప్రియ మెడ కందిపోయింది. రాసి ఎండలో కూర్చోమంటే కూర్చుంది. రెండోనాటికి బొబ్బలొచ్చాయి. మందు పనిచేస్తోంది, లోపలి విషం బయటికొస్తోందని సూర్యకాంతమ్మ మురిసిపోయింది. ఆ మంటనైనా కీర్తిప్రియ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. ఎక్కడ అంటుకుంటుందోనని అత్తగారు అయిదేళ్ల భవ్యని తన గదిలో పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టింది. తల్లి చేత్తో ముద్ద పెట్టకూడదు, తల్లి తువ్వాలు ముట్టుకోకూడదు. అమ్మ మెడలో మొహం దూర్చి పడుకోవడం అలవాటైన పిల్ల కొన్నాళ్లు ఏడ్చి, తర్వాత మానేసింది. ఏడవడం మానేసిందని ఇంట్లో అందరూ సంతోషించారు. కన్నతల్లి గుండె మాత్రం రోజూ అక్కడే కోసుకుపోయేది. పిల్ల మళ్లీ తన పక్కలోకి వస్తే చాలు, మచ్చ ఒళ్లంతా పాకినా ఫరవాలేదనుకునేది.

ఆ ఉదయం ముద్ద నూరడం అయ్యాక సూర్యకాంతమ్మ మనవరాలికి నీళ్లు పోసింది. ఒళ్లు తుడుస్తుంటే జబ్బ మీద పాలిపోయిన మచ్చ కనపడింది. అంటించేసింది, నా బంగారుతల్లికి అంటించేసింది అని గొణుక్కుంది. కోడలు నర్సరీ ఆఫీసులో బిల్లులు కొడుతోంది. ఆమెకొక మాట చెబుదామనైనా తోచలేదు. జబ్బకి దళసరిగా ముద్ద పట్టించి, చేతికి ఫోన్‌లో బొమ్మలు పెట్టిచ్చి, మిట్టమధ్యాహ్నం పిల్లని డాబా మీద కూర్చోబెట్టింది. ప్రేమతోనే చేసింది. ఆమె చేసిన ప్రతి తెలివితక్కువ పనీ ప్రేమతోనే చేసింది.

ఆ రోజు ఏమీ కనపడలేదు. మర్నాడు సాయంత్రానికి గౌను చేతి కింద జబ్బంతా ఎర్రగా వాచింది. మూడోనాడు పొద్దున పిల్ల కేక విని కీర్తిప్రియ ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చేసరికి భవ్య చెయ్యి దూరంగా పెట్టుకుని వరండాలో నిలబడి ఉంది. జబ్బ మీద నీటిబొబ్బలు. లారీ దగ్గర నుంచి గణేష్‌బాబు కూడా వచ్చాడు.

"ఎవరు రాశారు దీనికి?" అంది కీర్తిప్రియ.

"నేనే రాశాను. నువ్వు అంటించిన దానికి నేను కాకపోతే ఎవరు చూస్తారు?" అంది సూర్యకాంతమ్మ.

గణేష్‌బాబు తనకి చేతనైన ఒకే ఒక్క పని చేశాడు. పనివాళ్లు వింటున్నారు, గొడవెందుకు, అమ్మ మంచికే చేసింది కదా అన్నాడు.

కీర్తిప్రియ అతని వంక చూడలేదు. పిల్లని దగ్గరికి తీసుకుంది. అన్ని నెలల తర్వాత అదే మొదటిసారి.

"నా మెడ కాలితే విషం బయటికొస్తోందన్నారు అత్తయ్యగారూ. ఊరుకున్నాను. మొన్న పనివాళ్లు నీడనిచ్చే నెట్ కిందున్న గులాబీ మొక్కల్ని తెచ్చి ఒక్కసారే ఎండలో పెడితే మీరేమన్నారో గుర్తుందా? నీడన పెరిగినవాటిని నాలుగురోజులు సగం ఎండలో ఉంచి అలవాటు చెయ్యకపోతే మాడి చస్తాయిరా అని తిట్టారు. ఆ పూటకి వాళ్లకి కూలి కూడా ఇవ్వద్దన్నారు. గులాబీ మొక్కకున్న పాటి విలువ నా పిల్లకి లేదాండి?"

డాక్టరు చెబితే సూర్యకాంతమ్మ కొట్టిపారేసేది, పుస్తకంలో ఉందంటే నవ్వేది. ఇది ఆమె రోజూ అనే మాట. దానికి ఎదురు చెప్పడం ఆమెకి కూడా చేతకాలేదు. కారు తియ్యమని కీర్తిప్రియ భర్తతో అంది. అడగడం కాదని అతనికి అర్థమైంది. పెళ్లయ్యాక అతనికి వెంటనే అర్థమైన మొదటి మాట బహుశా అదే. ఎవరూ రమ్మనకపోయినా సూర్యకాంతమ్మ వచ్చి వెనక సీట్లో ఓ మూల కూర్చుంది.

రాజమండ్రిలో డాక్టరు తబితగారు పిల్ల చెయ్యి చూసి, ఎవరమ్మా ఇది రాసింది అని అడిగారు. కీర్తిప్రియ మాట్లాడలేదు. గణేష్‌బాబు ఫ్యాను వైపు చూశాడు. కోడలు తన పేరు చెప్పేస్తుందని సూర్యకాంతమ్మ కాసేపు ఎదురుచూసింది. చెప్పేలా లేదు.

"నేనేనండి. బావంచాలు," అంది.

ఆ గింజలో మందు లేకపోలేదని, డాక్టర్లు వాడే మందు ఒకటి అందులోంచి పుట్టిందేనని తబితగారు చెప్పారు. అది పడిన చర్మం ఎండకి ఆగదు. ఎంత రాయాలో, ఎంత వెలుతురు తగలనివ్వాలో తెలియకుండా రాస్తే ఒళ్లు కాలుతుంది. ఇక పిల్లకి వచ్చింది అసలు ఆ మచ్చే కాదు. చర్మం పొడిబారి పాలిపోయింది, చిన్నపిల్లల్లో మామూలే, మెత్తబరిచే క్రీము రాస్తే సరిపోయేది. ఆ తర్వాత కీర్తిప్రియ మెడ చూశారు. కాలిన మరకల మీద వేళ్లు ఆనించకుండా చూసి, ఇది మానాక మచ్చలకి వైద్యం మొదలుపెడదాం, తగ్గే అవకాశం బాగానే ఉందన్నారు.

సూర్యకాంతమ్మ కుర్చీలో కాస్త ముందుకి జరిగింది. "మరి పక్కలో పడుకుంటే అంటుకోదాండి?"

"అంటువ్యాధి కాదమ్మా ఇది. పక్కలో పడుకున్నా, ఒక కంచంలో తిన్నా అంటుకోదు."

కారు ఇంటిదారి పట్టింది. లోవమ్మ ఫోన్ చేస్తే సూర్యకాంతమ్మ ఎత్తలేదు. అంటుకోని జబ్బుకి భయపడి తల్లీపిల్లల్ని విడదీశానన్న మాట ఆమెని వదల్లేదు. అంటుకుంటుందని తనకి ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోబోయింది. ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది, తనే నమ్మింది, ఇంటిచేత నమ్మించింది.

ఇల్లు చేరేసరికి డాక్టరు ఇచ్చిన మందు మత్తుకి భవ్య నిద్రపోయింది. సూర్యకాంతమ్మ పిల్లని ఎత్తుకుని తన గది దాటి నడిచి, కీర్తిప్రియ మంచం మీద పడుకోబెట్టింది. కీర్తిప్రియ పక్కన వాలింది. నిద్రలోనే పిల్ల తడుముకుంటూ జరిగి తల్లి మెడలో మొహం దూర్చింది. కాలిన చోట తగిలి కీర్తిప్రియ పళ్లు బిగబట్టింది, పిల్లని మాత్రం కదపలేదు.

సూర్యకాంతమ్మ అది చూసింది.

"నీకూ ఇంత మంట పుట్టిందా అమ్మా?"

"పుట్టింది అత్తయ్యా."

"మరి చెప్పలేదేం?"

కీర్తిప్రియ కళ్లు తుడుచుకుంది. "చెప్పానత్తయ్యా."

చెప్పింది. మొదటి రోజు చెప్పింది, తర్వాత కూడా చెప్పింది. చెప్పినప్పుడల్లా తను ఏమందో సూర్యకాంతమ్మకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడి, పిల్ల లేస్తుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కీర్తిప్రియ ఆమెను కాసేపు ఏడవనిచ్చింది. ఆపాల్సిన తొందరేమీ లేదు. ఆ తర్వాత కాళ్లు ముడుచుకుని మంచం మీద కాస్త చోటిచ్చింది.

"పైకొచ్చి కూర్చోండి అత్తయ్యా," అంది.