తొంభయ్యో అరలో రంగు

గని మీదున్న కంట్రోలు గదికి కిటికీలు లేవు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ వెలుగంటే తెర వెలుగే. ఫ్యాను గొణుగుడు, వేడెక్కిన దుమ్ము వాసన, చల్లారిపోయిన టీ. పదకొండేళ్ళుగా ఆ తెరను కనిపెట్టుకుని ఉన్నామెను అందరూ రంగులక్క అంటారు. సొంత తమ్ముడు కూడా.

ఊరికే రాలేదు ఆ పేరు. ఆ తెర మీది బొమ్మలో నిజానికి రంగులుండవు, అంకెలే ఉంటాయి. రంగులన్నీ వేలిగోరంత చిప్పులో ఉంటాయి. మందుల షాపు బీరువాలాగా దానికి రెండువందల యాభై ఆరు అరలు. బొమ్మలోంచి పన్నెండు అని వస్తే, చిప్పు పన్నెండో అర తెరిచి అందులో ఉన్న రంగు తీసి తెరకిస్తుంది. నేలకు నలుపు, సొరంగాల గీతలకు బూడిద, మనుషులకు ఆకుపచ్చ. మనిషి టోపీలోంచి అంకె వస్తుంది, తెర మీద చుక్కై నడుస్తుంది. ఏ అరలో ఏ రంగు పెట్టాలో చూసేది రంగులక్క.

ఆ రోజు చిప్పు మాడిపోయింది. నీళ్ళు చేరి మూసేసిన పాత గని యంత్రంలోంచి ఊడదీసినదొకటి సామాన్ల పెట్టె అడుగున దొరికితే, తుడిచి బిగించింది.

"పనిచేస్తుందా తల్లీ?" అన్నాడు షిఫ్టు మేస్త్రీ గుమ్మంలోంచి. "చిప్పు పోతే మన చేతికి చిప్పే!"

"చేస్తుంది బాబాయ్. కింద మావాడున్నాడు, చెయ్యక చస్తుందా?"

షిఫ్టు మారే వేళ. పంపు బాగుచెయ్యడానికి తమ్ముడొక్కడే కిందున్నాడు. తెర వెలిగింది. ఆకుపచ్చ చుక్క ఒకటి. అమ్మయ్య అనుకుంది.

ఇంకో చుక్క కూడా ఉంది.

అది సొరంగం గీత మీద లేదు. ఏ గీతా లేనిచోట, రాతి మధ్యలో ఉంది. దాని రంగు ఆమె పెట్టింది కాదు. మూసిన కన్ను వేలితో గట్టిగా నొక్కితే రెప్పల లోపల కనబడే రంగు. మీటలు నొక్కి చూసింది. తొంభయ్యో అర. ఎవరికీ ఇవ్వని అంకె.

"పాత సరుకు కదమ్మా, పాత మరకేదో," అన్నాడు మేస్త్రీ. "నలుపు పెట్టెయ్. ఒక పీడ వదులుతుంది."

వాడని అరకు నలుపు పెట్టడం వాళ్ళకు అలవాటే. పెట్టింది. చుక్క మాయమైంది. మేస్త్రీ టీకి వెళ్ళాడు.

పిల్లి కళ్ళు మూసుకున్నంత మాత్రాన లోకానికి చీకటి పడుతుందా? అరలో రంగు మారిందే గానీ బొమ్మలో అంకె ఎక్కడికీ పోలేదు. నలుపు మీద నలుపు కనబడదు. బూడిద గీత మీదికొస్తే కనబడుతుంది.

మూడో సొరంగం గీతలో సన్నని తెంపు. ఆవగింజంత.

అది కదులుతోంది. తమ్ముడి వైపు.

ఫోను తీసింది.

"ఏంటి రంగులక్కా, నాకు ఆకలేస్తోందని ఎలా తెలిసింది?"

"ఒరేయ్, పని ఆపి పైకి రా."

"ఒక్క బోల్టు..."

"బోల్టు గంగలో కలవనీ! నీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

ఫోనులో నీటిబొట్ల చప్పుడు.

"ఎవరూ... ఆగు. ఎవరో వస్తున్నారు. దీపం కూడా లేదు పాపం. నాది అటు తిప్పనా?"

"వద్దు." ఆమె గొంతు గుసగుసైపోయింది. "అటు చూడకు. గోడ పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడు. నా మీద ఒట్టు."

ఆకుపచ్చ చుక్క నడిచింది. వెనకే తెంపు. రెండు వేళ్ళ దూరం... ఒక వేలు... అర వేలు...

చుక్క ఆరిపోయింది.

"ఒరేయ్..."

ఒక్క ఊపిరి. చుక్క మళ్ళీ వెలిగింది. లిఫ్టు గీత వెంట పైకొస్తోంది. తెంపు సొరంగంలో లేదు. లిఫ్టు గీతలోనూ లేదు. వెతికింది. ఎక్కడా లేదు.

తలుపు తోసుకుని వచ్చినవాణ్ణి గట్టిగా పట్టుకుంది. ఒళ్ళంతా చల్లగా ఉంది. కానీ ఊపిరుంది, గుండె కొట్టుకుంటోంది. చాలు.

"చూశావా వాణ్ణి?"

"ఒక్కసారే. తల తిప్పితే టోపీ దీపం వెలుగు ఆయన మీద పడింది..." కళ్ళు నులుముకుంటూ తెర వైపు చూశాడు. "అదేంటక్కా, నా చుక్కకి కూడా బూడిద రంగు పెట్టావు?"

"ఆకుపచ్చేరా అది."

తన చేతులు చూసుకున్నాడు. గోడలు చూశాడు. ఆమె పసుపుపచ్చ చొక్కా చూశాడు.

"అంతా బూడిదేనక్కా. నువ్వు కూడా..."

అతని చూపు ఆమె భుజం దాటి ఆగింది. గొంతు తగ్గించాడు.

"నీ వెనక నిలబడ్డాయనకి ఒక్కడికే రంగుంది."