పాత శవాల గది వసారా

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దిక్కు వచ్చే గల్లీల ఒక పెద్ద దవాఖాన ఉన్నది. పేరు వద్దు తియ్యండి. దాని గేటు ముందల్నే నా చాయ్ బండి. ఆ దవాఖాన ఎనకాల పాత శవాల గది... తాళం పడి ఏండ్లయింది. గది ముందల వసారా, మీద గట్టి స్లాబు. ఎంత వానకూ చుక్క కారదు.

అయినా పోయిన వానకాలం గాడ ఎవ్వరూ పండుకోలే.

పండుకుంటే నడిజాముల ఒకామె వచ్చి దుప్పటి గుంజుతదంట. చెవుల మెల్లగ అడుగుతదంట — "లోపలున్న మీ మనిషి పేరేంది?" పేరు చెప్పిన్రా... తెల్లారేసరికి వార్డుల ఆ మంచం ఖాళీ.

చాయ్ పోసుకుంట నేను గూడ పదిమందికి చెప్పిన ఈ ముచ్చట. అబద్ధమెందుకు.

ఆ వానలల్లనే పరిగి దిక్కు నుంచి వీరమ్మ వచ్చింది. ఆమె పెనిమిటి సాయన్న మిద్దె మీద నుంచి పడితే తుంటి ఇరిగింది. ఆపరేషన్ చేసిన్రు. మొగోళ్ల వార్డు, రాత్రి ఆడోళ్లను ఉండనియ్యరు. బయట గోడ పొంటి పండుకోవాలె. అది తెల్వక ఆమె ఈతచాప, రెండు బొంతలు, గిన్నెలు, బిందె — పెండ్లికి పోతున్నట్టు మూట గట్టుకొచ్చింది.

ఆ మూట ఇప్పిచ్చింది భాగ్య. ఆమె తల్లి ఆడోళ్ల వార్డుల నెల సంది ఉన్నది.

"చాప నీళ్లు తాగుతదక్కా. కిందికి ఫ్లెక్సీ కావాలె," అని ఎక్కడిదో పాత ఫ్లెక్సీ తెచ్చిచ్చింది. "బొంత తడిస్తే మొయ్యలేవు. దుప్పటి ఒక్కటి చాలు. చెప్పులు సంచిల ఏసి తల కింద పెట్టుకో, లేకుంటే తెల్లారి ఉండయ్. సెల్లు జాకెట్ల. కాళ్ల దిక్కు దోమల అగర్‌బత్తి. సీసా నీళ్లు. గంతే. మిగిలినయ్ ఊరికి పంపియ్యి."

పట్నంల గిట్ల చెప్పేటోళ్లు ఎవరున్నరు? వీరమ్మకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"ఇంగో మాట," భాగ్య దగ్గరికి జరిగింది. "ఆ వసారా దిక్కు పోకు. మొన్న ఒకామె పండుకున్నది... పొద్దుగాల ఆమె మొగని మీద తెల్లబట్ట కప్పి తీసుకపోయిన్రు. నా కండ్లతోని జూసిన."

"నువ్వేడ పండుకుంటవ్ చెల్లే?"

"లోపల అమ్మ మంచం కింద. నర్సమ్మ ఏమనది."

ఆ దినం సంది రోజూ వాన. వీరమ్మ ఫ్లెక్సీ సగం కిందికి, సగం మీదికి లాక్కొని ముడుచుకొని పండుకునేది. ఆరో దినానికి దగ్గు పట్టింది. ఏడో దినం వార్డు తలుపు కాడ నర్సు ఆపింది — "దగ్గు తగ్గినంక రామ్మా. లోపల ఆపరేషన్ అయినోళ్లున్నరు."

"ఫికర్ చెయ్యకు, నేనిచ్చొస్త," అని సద్ది డబ్బా భాగ్యనే లోపలికి తీసుకపోయింది. ఆమె లేకుంటే నా గతేంది అని వీరమ్మ నా బండి కాడ ఎన్నిసార్లన్నదో.

తొమ్మిదో రాత్రి కుండపోత. ఫ్లెక్సీ కిందికెల్లి నీళ్లు పారుతున్నయ్. స్కూటర్ల షెడ్డుల నిలబడ జాగ లేదు. వీరమ్మ ఒళ్లు జ్వరంతోని కాలిపోతున్నది. ఈమె గూడ మంచం పడితే ఆయన్నెవరు జూడాలె?

వీరమ్మ సంచి తీసుకొని లేచింది. ఎనకకు నడిచింది... ఒక్కో అడుగు. పేరు చెప్ప, నాలుక కోసినా చెప్ప — అనుకున్నది. కొంగు నోట్లె కుక్కుకున్నది.

వసారాల చిమ్మచీకటి.

మెరుపు మెరిసింది —

మనిషి. తల నుంచి కాళ్లదాంక తెల్లదుప్పటి... సక్కగ పండవెట్టినట్టు.

వీరమ్మ సంచిని రొమ్ముకు అదుముకున్నది. మళ్ల చీకటి. వాన చప్పుడు సందుల... ఊపిరి ఇనబడుతున్నది. తనది గాదు.

దుప్పటి కదిలింది. చెయ్యి బయటికొచ్చింది. ముసుగు మెల్లగ జారింది...

"ఎవరు?"

దెయ్యం గొంతు వణికింది. మళ్ల మెరిసింది.

భాగ్య.

వీరమ్మ నోట్లెకెల్లి కొంగు జారిపోయింది. "లోపల పండుకుంటున్న అన్నవ్ గద చెల్లే..."

భాగ్య లేచి కూసున్నది.

"తెల్లబట్ట కప్పిన్రు అన్నవ్... ఎవరి మొగడు?"

"ఎవ్వరూ సావలేదక్కా." అన్నది భాగ్య. "అందరొస్తే నాకు జాగుండదని... ఆ ముచ్చట నేనే పుట్టిచ్చిన." గుసగుసగ — "ఎవ్వరికి చెప్పకు."

తప్పయిందని గూడ అనలే. గోడ దిక్కు జరిగి దుప్పటి అంచు లేపింది. "రా. తడుస్తున్నవ్."

వీరమ్మ పోలేదు. సంచి నెత్తిన పెట్టుకొని వానలనే నడిచొచ్చి, తెల్లారి నేను బండి తెరిచేదాంక దాని పక్కన కూసున్నది. చాయ్ గిలాస రెండు చేతుల పట్టుకొని ఇదంతా చెప్పింది. దెయ్యమన్నా కనబడితే గింత ఏడుపు రాకపోవు అన్నది.

నాలుగు దినాలకు ఆమె జ్వరం తగ్గింది. సాయన్న కర్ర పట్టుకొని నాలుగడుగులేసిండు. ఊరికి పోయే దినం ఆటో ఎక్కేటప్పుడు భాగ్య ఉరికొచ్చి సంచి అందియ్యబోయింది. వీరమ్మ ఆమె మొకం జూడలే. సంచి గుంజుకొని ఒళ్లె పెట్టుకున్నది.

ఆటో కదిలేటప్పుడు నన్ను పిలిచింది.

"ఆ వసారాల నలుగురు కాళ్లు చాపుకొని పండుకోవచ్చు బిడ్డా," అన్నది, భాగ్యకు ఇనబడేటట్టు. "వచ్చినోళ్లందరికి చెప్పు."