ఉయ్యాల దూలం

కర్రను వంచితే పైభాగం నలుగుతుంది, కింది భాగం సాగుతుంది. నడుమ ఒక గీత వెంట మాత్రం నలగడమూ లేదు, సాగడమూ లేదు. మరి ఏ కష్టమూ పడని ఆ నడిమి భాగాన్ని దేవుడు ఎందుకు పెట్టినట్టు?

పాలిటెక్నిక్ రెండో ఏడు నుంచీ హిమజను వదలని అనుమానమిది. క్లాసులో లేచి అడిగితే, "పరీక్షలో రాదు, కూర్చోమ్మా" అన్నారు సారు. ఆమె కూర్చుంది గానీ అనుమానం కూర్చోలేదు.

ఇప్పుడామె నాచారంలో తండ్రి సాంబయ్య పెట్టిన వెల్డింగ్ షాపు చూసుకుంటోంది. గేట్లు, గ్రిల్స్, షెడ్లు చేస్తారు. ఆ శ్రావణ శుక్రవారం పొద్దున షట్టర్ ఎత్తి, లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి వెలిగిస్తోంది. బయట వాన. వానతో పాటే ఒక యువకుడు హెల్మెట్ కూడా తీయకుండా లోపలికి దూసుకొచ్చాడు.

"ఇక్కడ హిమజ ఎవరండీ?"

"నేనే. చెప్పున్రి."

"నా బీముని పడుకోబెట్టేశారు!"

"జర హెల్మెట్ తీసి తిట్టున్రి సార్. ఎవరు తిడుతున్నరో తెలవాలె గదా."

తీశాడు. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కోపం ముఖంలో ఉంది గానీ కళ్ళదాకా రాలేదు. హిమజ అది గమనించి, గమనించనట్టు ఊదుబత్తి గుచ్చింది.

అతని పేరు అనిరుధ్. ఉప్పల్‌లోని వాళ్ళ కాలనీ వెంకటేశ్వరస్వామి గుడిలో ఉయ్యాల వేలాడదీసే పాత టేకు దూలాన్ని చెదలు తినేసింది. దాని బదులు ఇనుప దూలం పెట్టమని వాట్సప్‌లో డ్రాయింగ్ పంపిన ఇంజనీరు అతనే. తండ్రికి జ్వరమొచ్చి దవాఖానాకు తీసుకెళ్ళాల్సి రావడంతో, బిగించే పనికి హిమజ వెల్డర్ మొగిలయ్యను పంపింది.

ఆ దూలాన్ని చివరి నుంచి చూస్తే ఇంగ్లీషు ఐ అక్షరంలా ఉంటుంది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, నడుమ సన్నటి పలక. దాన్ని మొగిలయ్య నిలబెట్టకుండా పక్కకు పడుకోబెట్టి బిగించేశాడు.

"గట్లెందుకు వెట్టినవ్ మొగిలన్నా?" షాపు మూలన రాడ్లు కోస్తున్న మొగిలయ్యను హిమజ అడిగింది.

"గుడికాడ అమ్మ చెప్పింది బిడ్డా. పండవెడితే పైన కాలువ లెక్క ఐతది, పూలు, దీపాలు జారిపోవు అన్నది. నాక్గూడ మంచిగనే కొట్టింది."

"ఎవరా అమ్మ?"

అనిరుధ్ గొంతు తగ్గింది. "మా అమ్మే."

హిమజ నవ్వు ఆపుకోలేదు. "ఏంది సార్, ఇంట్ల చెప్పుకోలేక ఈడికొచ్చి తిడుతున్నరా?"

"ఐ బీమంటే నిలబెట్టే పెడతారని ఎవరికి తెలీదు?"

"మీ అమ్మకు. పక్క నుంచి సూసే బొమ్మ గీసుంటే మా మొగిలన్నకు గూడ తెలుస్తుండె."

అనిరుధ్ ఫోన్ తీసి డ్రాయింగ్ చూసుకున్నాడు. నిజమే, ఆ బొమ్మ లేదు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

హిమజ ఒక ఇనుప రేకు వాల్చి చాక్‌పీసు తీసుకుంది. "లెక్క చెప్పున్రి. నిజంగ అంత తేడా ఉన్నదా?"

"పొడవు నాలుగు మీటర్లు. విగ్రహాలు, ఉయ్యాల, గొలుసులు, ఊపు అన్నీ కలిపి అయిదొందల కిలోలు. అంతా నడుమనే పడుతుందనుకోండి."

ఆమె రేకు మీద లెక్క వేసింది. "నిలవెడితే ఇనుము లోపల ఒత్తిడి యాభై రెండు మెగాపాస్కల్స్. నూట అరవై దాకా ఫికర్ లేదు."

"ఇప్పుడు పడుకోబెట్టి వేయండి."

చాక్‌పీసు గబగబా నడిచి చివర ఆగిపోయింది. "మూడొందల ఎనభై!"

"రెండొందల యాభై దాటితే వంగింది మళ్ళీ లేవదు. అదే ఇనుము, అదే బరువు. ఒరిగితే ఏడోవంతు బలం కూడా మిగల్లేదు."

హిమజ నవ్వు పోయింది. ఆ సాయంత్రమే ఉయ్యాల సేవ. ఊరేగి వచ్చిన స్వామి అందులో కూర్చుంటాడు, కింద అయ్యగారు నిలబడతారు, చుట్టూ పిల్లలు. జ్వరంతో మంచాన పడుకున్న నాన్న ముప్ఫై ఏళ్ళుగా కూడబెట్టుకున్న మంచి పేరంతా ఆ దూలం మీదే ఉంది.

"నడువున్రి సార్. ముందు మీ అమ్మను ఒప్పియ్యాలె. దూలాన్ని తిప్పుడు దానికంటే అల్కన."

గుడిలో ఛాయాదేవి అప్పటికే దూలం కాలువలో బంతిపూలు పరిచేసింది. "తిప్పుతారా? ఇంత అందంగా కుదిరాక? స్వామి తన బరువు తాను చూసుకోడా అమ్మాయ్?"

"ఏడాదంతా మన బరువు ఆయననే మోస్తడు ఆంటీ. ఆయనను మనం మోసేది ఈ ఒక్క పూటనే. దానికి గూడ ఆయన మీదనే ఏస్తమా?"

ఛాయాదేవి పూలబుట్ట కింద పెట్టింది. అర్చన చీటీల బల్ల మీది ప్లాస్టిక్ స్కేలు తెచ్చి, హిమజ రెండు ఇటుకల మీద వెడల్పుగా పెట్టింది.

"వేలుతోని ఒత్తున్రి."

విల్లులా వంగింది.

"ఇప్పుడు అంచు మీద నిలవెట్టి పట్టుకున్న. ఒత్తున్రి."

ఛాయాదేవి ఒత్తింది. పెదవి బిగించి మళ్ళీ ఒత్తింది. స్కేలు కదల్లేదు. "అదే స్కేలేనా?" అంది అనుమానంగా. తర్వాత దూలం వైపు చూసి, "మరి నా దీపాలు?"

హిమజ దూలం కొస దగ్గరికెళ్ళి చూసింది. "నిలవెడితే కింది రెక్క అటు ఇటు రెండు అరుగులైతది ఆంటీ. పైన కాలువల పెడితే దీపాలు ఎవరికీ కనవడవు. అరుగుల మీద పెడితే రెండు దిక్కులా కనిపిస్తయి."

ఛాయాదేవి కొడుకు వైపు తిరిగింది. "ఇంజనీరువి నువ్వా, ఈ అమ్మాయా? ఇది నీకెందుకు తట్టలేదురా?"

"నువ్వు నన్ను అడగలేదుగా అమ్మా!"

చైన్ పుల్లీతో దూలాన్ని లేపి తిప్పారు. ఒక కొసన మొగిలయ్య, రెండో కొసన పరంజా మీద వీళ్ళిద్దరూ. అతను బోల్టు పట్టుకుంటే ఆమె బిగిస్తోంది. వాన హోరులో, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో ఆమె పాత అనుమానం అడిగేసింది.

"నడుమ పలకకు కష్టమే లేదంటరు గదా. మరి అదెందుకు?"

అతను నవ్వలేదు. పరీక్షలో రాదని కూడా అనలేదు. "దానికి వేరే కష్టం ఉంది. అది లేకపోతే పై రెక్క, కింది రెక్క ఒకదాని మీద ఒకటి జారుతూ దేనికది వంగిపోతాయి. రెంటినీ దూరంగా ఉంచుతూనే కలిపి పని చేయించేది అదే."

ఆమె పానా ఆపి అతని వైపు చూసింది. అతను బోల్టు వదిలేశాడు. అది ఠంగుమని కింద పడింది.

"సార్, బోల్టును సూడున్రి. నన్ను గాదు."

స్వామిని కూర్చోబెట్టే ముందు బరువు పెట్టి చూడాలన్నాడు అనిరుధ్. ఉయ్యాల స్వామిది, అందులో ఇంకేదీ పెట్టకూడదు. అందుకని అయిదొందల కిలోల అన్నదానం బియ్యం బస్తాలను ఒక్కొక్కటిగా తాళ్ళతో ఉయ్యాల కొక్కేలకు వేలాడదీయసాగారు. వంపు తెలియడానికి అంతకుముందే దూలం కింద ఈ కొస నుంచి ఆ కొసకు నూలుదారం లాగి కట్టారు.

"అయిదు మిల్లీమీటర్ల లోపే దిగుతుంది," అన్నాడు అనిరుధ్.

"ఎక్కువైతే?"

"మీరు చెప్పింది చేస్తా. తక్కువైతే నేనడిగింది మీరు వినాలి. వింటే చాలు."

ఆఖరి బస్తా కూడా ఎక్కింది. హిమజ స్కేలు ఆనించి చూసింది. నాలుగున్నర. బస్తాలు దింపేసరికి దూలం దారానికి సమంగా మళ్ళీ లేచి నిలిచింది. మొగిలయ్య గోవిందా అని అరిచాడు. గుడంతా అందుకుంది.

ఆ గోలలో అనిరుధ్ ఆమె పక్కకొచ్చాడు. "ఇకనుంచి డ్రాయింగులు వాట్సప్‌లో పంపను. నేనే తెస్తా. వద్దనకూడదు."

"గన్ని డ్రాయింగులు ఉంటయా మీ దగ్గర?"

"లేకపోతే గీస్తా."

సాయంత్రం రెండు వరుసల దీపాల మధ్య స్వామి హాయిగా ఊగాడు. దూలం చేసిందెవరని అడిగిన వాళ్ళందరికీ ఛాయాదేవి, "మా హిమజ" అని చెప్పింది. మధ్యాహ్నం దాకా 'అమ్మాయ్' అన్న మనిషి.

అనిరుధ్ మాట నిలబెట్టుకున్నాడు. కార్తీకం వచ్చేసరికి అతని డ్రాయింగులు షెడ్ల నుంచి కుండీల స్టాండ్లకూ, అక్కడి నుంచి చెప్పుల స్టాండుకూ దిగాయి. ఆ చెప్పుల స్టాండు కాగితాన్ని సాంబయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాబూ, దీనికి గూడ మూడు దిక్కుల బొమ్మలు గీసినవా?"

"తప్పు రాకూడదని అంకుల్."

"నీకు గావాల్సింది ఇనుము గాదు గని, మీ అమ్మను తోలుకరా. బిడ్డా, నువ్వేమంటవ్?"

"ఈసారి బొమ్మల తప్పేం లేదు నాయినా," అంది హిమజ, కాగితంలోంచి తలెత్తకుండా.

మాట ఖాయమైన శుక్రవారం రెండు కుటుంబాలూ గుడికి వెళ్ళాయి. అయ్యగారు లాలి మొదలుపెట్టబోతుంటే ఛాయాదేవి ముందుకొచ్చింది.

"ఇవాళ నేను పాడతానండీ. వీడు ఇంజనీరింగ్‌లో ఈ బీముల సబ్జెక్టే తప్పాడు. రెండోసారి గట్టెక్కితే లాలి పాడతానని స్వామికి మొక్కుకున్నా. గొంతు బాగోదన్న సిగ్గుతో ఇన్నేళ్ళూ ఎగ్గొట్టా."

హిమజ మెల్లగా తల తిప్పింది. "తప్పిన్రా?"

"పాసయ్యాగా!"

ఛాయాదేవి కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు జీరబోయింది. హిమజ పక్కన చేరి గొంతు కలిపింది. వెనక సాంబయ్య చేతులతో తాళం వేశాడు. చివరి చరణం గుడిలో పాడని వాళ్ళు లేరు.

పాట అయ్యాక ఛాయాదేవి కళ్ళు తుడుచుకుని, స్వామికి రెండు చేతులూ జోడించింది.

"చెల్లుకు చెల్లు తండ్రీ."